గట్టు మీద ఎర్ర తువ్వాలు

నాయనా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజు మన ఆళ్లగడ్డ చేన్లో శనగ విత్తాం. నంద్యాల నుంచి అద్దెకు తెచ్చిన ట్రాక్టరు, ఉపగ్రహం చూపే దారిని బట్టి స్టీరింగు దానంతటదే తిప్పుకుంది. వేపచెట్ల కింద ఉపగ్రహం సిగ్నల్ పోయినా, చక్రాలు తిరిగిన లెక్కనూ బండి మలుపును కనిపెట్టే సెన్సార్‌నూ కలుపుకుని సాలు తప్పలేదు.

నువ్వూ అంతే. ఎదురుగా కొండ, కాలి కింద సాలు, అవతలి గట్టు మీద ఎర్ర తువ్వాలుతో అమ్మ. మూడూ చూసుకునే ఎద్దుల్ని తోలేవాడివి.

ఈరోజూ అమ్మ తువ్వాలు తీసుకుని బయల్దేరింది.

"యాడికి పోతాండావమ్మా? బండే చూసుకుంటాంది కదా."

"చూసుకోనీలేప్పా. నేనాడ నిలబడకుంటే మీ నాయనకు సాలు వంకరపోతాది."

ట్రాక్టరు మీద కూర్చున్నా స్టీరింగు పట్టుకునే పని లేక, గట్టుదాకా అమ్మనే చూస్తూ వచ్చాను. మొదటి సాలు నువ్వెందుకంత నిదానంగా తోలేవాడివో ఇప్పుడు తెలిసింది.