నేను పెట్టని సంతకం

సుధా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్ళ నాలుగు నెలల పదకొండు రోజులు. ఇది నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను.

మన ఊళ్ళో, షికాగోకి రైలెక్కే స్టేషన్ పక్కన గంజాయి దుకాణం పెడతారట, ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది కదా. అలాంటివి ఊళ్ళో ఉండనివ్వాలా వద్దా అన్నది సిటీ కౌన్సిల్ వచ్చే వారం తేలుస్తుంది. వద్దంటూ రాసిన పిటిషన్ పట్టుకుని పొద్దున పక్కింటి పద్మ వచ్చింది.

“ఫస్ట్ సైన్ మీదే ఆంటీ. మీరు చేస్తే సగం కమ్యూనిటీ భయపడి చేసేస్తుంది,” అని నవ్వింది.

పెన్ను తీసుకున్నాను. నీ కూతురు రోజూ ఆ దారినే స్కూల్‌కి వెళ్తుంది. ఆ దుకాణం వద్దనే ఇప్పటికీ నా అభిప్రాయం. అయినా చెయ్యి కదల్లేదు.

“కీమో రోజుల్లో సుధకి ఏం తిన్నా వాంతయ్యేది, పద్మా. ఆకలి పుడుతుందని దాని ఫ్రెండ్ గంజాయి కలిపిన జెల్లీ బిళ్ళలు, ఆ గమ్మీలు, తెచ్చి ఇచ్చింది. నా ఇంట్లో గంజాయా అని నేనే చెత్తలో పారేశాను,” అన్నాను. ఈ సంగతి మీ నాన్నకి కూడా చెప్పలేదు.

“మీకు అప్పుడు తెలీదు కదా ఆంటీ,” అంది పద్మ.

నాకు తెలుసు. డాక్టర్‌గారు అవి తిన్నా పర్లేదన్నప్పుడు నీ పక్కనే కూర్చుని ఉన్నాను.

కాగితం తిరిగి ఇచ్చేశాను.

వాటిని పారేసిన రోజు నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. “పోనీలే అమ్మా, పెరుగన్నం కలుపు,” అన్నావు. నా కోసం రెండు ముద్దలు మింగావు. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్ళి, నాకు వినపడకూడదని కుళాయి తిప్పి వాంతి చేసుకున్నావు.

నాకు వినపడింది.