ఆఖరున కలిసున్న గది

1962 జూలై 9, సోమవారం, మంచిర్యాల

ఆదిలాబాద్‌లో వకీలు నా విడాకుల కాగితం చదివి పక్కన పెట్టాడు. "పెండ్లి చాందల అయ్యింది, నీ మొగడు ఆడనే ఉన్నడు. కేసు గూడ ఆడనే ఎయ్యాలమ్మా" అన్నాడు. నేను రెండేళ్లుగా ఇక్కడ మంచిర్యాలలో అక్క ఇంట్లో ఉంటున్నది లెక్కకు రాదట. మహారాష్ట్రలోని ఆ చాందాలో అడుగుపెడితే నా మొగుడి అన్నదమ్ములు నన్ను ప్రాణాలతో తిరిగి రానివ్వరు.

"ఆఖరుకు ఇద్దరు కల్సి ఏడున్నరు?" అని అడిగాడు వకీలు.

మా ఆయన బొగ్గుబావిలో పనికి వచ్చినప్పుడు ఈ ఊళ్లోనే, రాజవ్వ ఇంట్లో కిరాయి గదిలో నాలుగు నెలలున్నాం. నా చెయ్యి విరిగింది ఆ గదిలోనే. మరచిపోవాలని ఎంత తండ్లాడానో, ఇప్పుడు ఆ గదినే రుజువు చేసుకోవాలి. ఆఖరున కలిసున్నది ఈ జిల్లాలోనే అని చెప్పే సాక్షి ఉంటే కేసు ఆదిలాబాద్‌లోనే వేయవచ్చట.

బస్సు దిగి నేరుగా వెళ్లి రాజవ్వ కాళ్లు పట్టుకున్నాను. ఆమె నా చేతులు పట్టుకుని లేపింది.

"నీ ఏడ్పు గోడ అవతలికెల్లి ఇన్న బిడ్డా. మొగడు పెండ్లాల నడుమ మనకెందుకని తలుపు తియ్యకపోతి. సాక్షికి వస్త."

కోపం రావాల్సింది. రాలేదు. ఆమె చేతులు వదలబుద్ధి కాలేదు.

పొద్దున్నే ఇద్దరం ఆదిలాబాద్ బస్సు ఎక్కాలి. ఈలోపు రాజవ్వ కొడుకులు వద్దంటే, ఆమె మనసు మారితే, నాకు చాందా తప్ప దారి లేదు.