మూడడుగులు జరిపిన పనిబల్ల

ఫిబ్రవరి 3

మెషీన్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాను. ఎంత గరుకు చెక్కనైనా ఒక పక్క నుంచి మింగి, రెండో పక్క నుంచి నున్నగా, ఒకే మందంలో వదిలే మెషీన్. లైబ్రరీ వాళ్ళకి మే నెలాఖరులోపు నూట అరవై కుర్చీలు ఇవ్వాలి. మా ఇద్దరి చేతులూ రెండు చిత్రికలూ ఎక్కడ సరిపోతాయి? ఈ మాటే మామయ్యకి మూడు రోజులుగా చెబుతున్నాను. మూడు రోజులూ ఆయన ఉలి నూరుతూ కూర్చున్నారు. ఇవాళ ఒప్పుకున్నారు. ఒక్కటే షరతు. ఆయన పనిబల్ల కదపకూడదట.

ఇంతేనా అనిపించింది. మీ చోటు మీదే మామయ్యా అన్నాను. స్టాంపు పేపర్ మీద రాసిమ్మన్నా రాసిచ్చేదాన్ని.

ఫిబ్రవరి 8

మెషీన్ ఒక్కటే రాదు. బంధుబలగంతో వస్తుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, మన లైను దీన్ని మొయ్యదు, త్రీ-ఫేజ్ కావాలన్నాడు. కొత్త మీటరు, కొత్త బోర్డు, చేతిమందం కేబుల్. పొట్టు లాగే పైపులు వేరే, ఆ పైపులకి ఇంకో మోటారు వేరే. ముందే ఎందుకు చెప్పలేదని డీలర్‌కి ఫోన్ చేస్తే అవన్నీ మామూలేనండి అన్నాడు. కొటేషన్‌లో మాత్రం ఆ మామూళ్ళు ఒక్కటీ లేవు.

ఫిబ్రవరి 11

మెషీన్ వచ్చింది. గుమ్మం కంటే నాలుగు వేళ్ళు వెడల్పు. గుమ్మం పగలగొట్టించాను.

ఫిబ్రవరి 14

బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ నేల మీద రసమట్టం పెట్టాడు. అందులో బుడగ ఒక చివరికి పారిపోయింది. ఇంకోచోట పెట్టాడు, అక్కడా అంతే. మా షెడ్డు నేల పెరటివైపుకి వాలుగా ఉంటుందని నాకు తెలుసు. వాన నీళ్ళు నిలవకుండా మావారి తాతగారు అలా వేయించారట. ఇంత వాలని మాత్రం తెలీదు. మెషీన్ కింద మాత్రమే ఎత్తు చేస్తే చాలదట. పొడుగాటి చెక్కలు అటూ ఇటూ ఆసరా మీద నడవాలి కాబట్టి నేలంతా ఒకే మట్టంలో ఉండాలన్నాడు.

అంటే పనిబల్ల తియ్యాలి. మామయ్యకి చెప్పడానికి అరగంట తటపటాయించాను. ఆయన కోప్పడలేదు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగారు, అంతే. పది రోజులు, ఆరగానే మళ్ళీ అక్కడే పెట్టేస్తాం అన్నాను.

ఫిబ్రవరి 15

సామానంతా పెరట్లోకి చేర్చాం. చదునైన బండ మీద పెడితే పనిబల్ల కుంటింది. కొలిచాను. నాలుగు కాళ్ళూ నాలుగు పొడుగులు! బీరువా అంతే, ఉలుల స్టాండు అంతే. ఆ వంకర నేల మీద నిటారుగా నిలబడేలా మామయ్య ఒక్కోదాని కాళ్ళూ కొలిచి కోసుకున్నారు. సాయంత్రం మావారికి చెప్పి పడీ పడీ నవ్వాను. మావారికి చెక్కపని ఓనమాలు కూడా రావు, బస్సు నడుపుతారు. ఆయనా నవ్వారు. లోపల మామయ్య ఉన్నారని ఇద్దరం మర్చిపోయాం.

ఫిబ్రవరి 25

నేల అద్దంలా ఉంది. రంపంతో పనిబల్ల కాళ్ళు నేనే సమంగా కోశాను. బల్లని పాత చోట పెట్టబోతే, పొట్టు లాగే పైపు సరిగ్గా అక్కడే దిగుతోంది. పైపు వంచితే లాగే శక్తి తగ్గిపోతుందట. బల్లని మూడడుగులు గోడవైపు జరిపాం.

మూడంటే మూడడుగులే మామయ్యా, కిటికీ దగ్గరైంది, వెలుతురు కూడా బాగా వస్తుంది అన్నాను. సరే అన్నారు.

మార్చి 1

నిజం రాసుకోవాలి కదా. ఇవాళ నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మేమిద్దరం వారమంతా చిత్రిక పట్టే చెక్కని మధ్యాహ్నం భోజనంలోపు తీసేశాను. భుజం నొప్పి లేదు. చెక్క మీద చెయ్యి వేస్తే పసిబిడ్డ బుగ్గలా ఉంది.

మామయ్య రోజంతా బయట అరుగు మీదే కూర్చున్నారు. చప్పుడు ఎక్కువగా ఉందట.

మార్చి 5

కుర్చీ కాళ్ళకి బెజ్జాలు కొట్టడం మామయ్య పని. పన్నెండు కాళ్ళకి ఒక పక్కన కొట్టాల్సింది ఇంకో పక్కన కొట్టారు. ఒకటీ రెండూ కాదు, పన్నెండు. నలభై ఏళ్ళ చెయ్యి. అలక అనుకున్నాను. మెషీన్ మీద కోపం చెక్క మీద చూపిస్తున్నారనుకున్నాను.

మార్చి 6

అనకూడని మాట అన్నాను. ఏమన్నానో రాయను.

మార్చి 7

మామయ్య షెడ్డుకి రాలేదు.

మార్చి 8

రాలేదు. ఒంట్లో బాగానే ఉందట, విశ్రాంతి తీసుకుంటారట. మావారు మంచిదే కదా అన్నారు. పనిలో ఉన్నప్పుడు మా మామయ్య విశ్రాంతి అన్న మాట పలకడం నేనెప్పుడూ వినలేదు. పన్నెండేళ్ళ కిందట సుత్తి ఎటు పట్టుకోవాలో తెలియని కోడలిని పక్కన నిలబెట్టుకుని పని నేర్పిన మనిషి. ఆయన లేని షెడ్డులో మెషీన్ ఆపితే నా ఊపిరి నాకే వినబడుతోంది.

మార్చి 10, మధ్యాహ్నం 3

పొద్దున నేనే వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాను. క్షమించండని కూడా అన్నాను. పదకొండింటికి పెద్ద వాన. చెక్క తడుస్తుందని షట్టరు, కిటికీ మూసేశాను. కరెంటు పోయింది. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి.

ఇదివరకు కరెంటు పోయినప్పుడు నేను కొవ్వొత్తి కోసం తడుముకుంటుంటే, అవతల మామయ్య చిత్రిక సర్రు సర్రుమని సాగుతూనే ఉండేది. ఫ్యాన్ ఆగిందేం అమ్మాయ్ అనేవారు. జోక్ అనుకుని నవ్వేదాన్ని. రెండేళ్ళ నుంచి అదే జోక్.

ఇవాళ చిత్రిక వినబడలేదు. నేను కొవ్వొత్తి వెలిగించేసరికి ఆయన షెడ్డు నడిమధ్యలో నిలబడి ఉన్నారు. పాత చోట, ఇప్పుడు పైపు తప్ప ఏమీ లేని చోట, బల్ల కోసం గాలిలో తడుముతున్నారు. దీపం వెలిగిందని ఆయనకి తెలీలేదు. నేను చూస్తున్నానని తెలీలేదు. తడుముతూనే ఉన్నారు.

మామయ్యా అన్నాను. చేతులు దించేశారు. తర్వాత ఆయన అన్న మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"కళ్ళు రెండేళ్ళ కిందటే పోయాయమ్మా. నీడలు తప్ప ఏమీ లేదు. ఆ నేల ఉంది కాబట్టి నెట్టుకొచ్చాను. ఎక్కడున్నానో వాలే చెప్పేది. బీరువా దగ్గర గుంట, బల్ల దగ్గర పగులు. ఇప్పుడు ఎక్కడ నిలబడ్డా ఒకటే."

మార్చి 10, సాయంత్రం

ఒక్కరే వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నారట. చేసేదేమీ లేదన్నారట. ఇంట్లో చెబితే కూర్చోబెడతారని చెప్పలేదట. పేపర్ మానేస్తే, వార్తలన్నీ ఒకేలా ఉన్నాయి అంటే నమ్మాను. గీతలు నువ్వే గియ్యి అమ్మాయ్, ఎప్పటికి నేర్చుకుంటావ్ అంటే, పెద్దరికం నా చేతికిస్తున్నారని మురిసిపోయాను. ఆయన చూపు ఆ నేలలో ఉంది. నేను మేస్త్రీకి కూలిచ్చి దాని మీద సిమెంటు పోయించాను.

ఏడ్చాను.

మార్చి 12

మామయ్య అనుమతితోనే మావారికి చెప్పాను. వెంటనే, ఇక నాన్న షెడ్డులో అడుగు పెట్టకూడదన్నారు. బ్లేడ్లు తిరిగే చోట కళ్ళు లేని మనిషేమిటన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. అదే బాధ. మామయ్య కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. ఇంట్లో కూర్చుంటే ఈ మనిషి ఆర్నెల్లు ఉండరు. నాకు తెలుసు. మావారికీ తెలుసు.

మార్చి 13

తేల్చేశాను. పొద్దున పూట మెషీన్ ఉండదు. మెయిన్ స్విచ్‌కి తాళం, తాళంచెవి నా కొంగున. పొద్దున చేతిపని, మధ్యాహ్నం మామయ్య ఇంటికి వెళ్ళాకే మెషీన్. సగం రోజు ఖాళీగా ఉండే మెషీన్ దేనికని మావారు అడిగారు. లైబ్రరీ ఆఫీసరుకి ఫోన్ చేసి జూలై అన్నాను. చాలాసేపు నస పెట్టాడు, చివరికి సరేనన్నాడు.

బల్ల పాత చోటికి వెళ్ళింది. పైపు వంచించాను. లాగే శక్తి తగ్గిపోయింది, షెడ్డంతా పొట్టు. తగలడనీ.

మార్చి 16

మేస్త్రీని పిలిచి పాత వాలు మళ్ళీ వేస్తావా అని అడిగాను. ఇన్నేళ్ళ సర్వీసులో మట్టం చెడగొట్టమన్నవాళ్ళు లేరమ్మా అన్నాడు. ఉలి తీసుకుని నేనే బీరువా దగ్గర గుంట తవ్వడం మొదలుపెట్టాను. చప్పుడు విని మామయ్య వచ్చారు. కాలితో తడిమి చూశారు. ఇది ఆ గుంట కాదు, అది ఇంకో జానెడు ఇవతల ఉండేది, లోతు కూడా ఇంత లేదు అన్నారు. ఆపెయ్యమన్నారు. కొత్త నేలని కొత్తగానే నేర్చుకుంటారట. ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు.

మార్చి 23

అడుగులు లెక్కపెడుతున్నారు. పెదవులు కదులుతుంటాయి. గుమ్మం నుంచి బల్లకి పన్నెండు, బల్ల నుంచి బీరువాకి కుడివైపు నాలుగు. మొన్న ముందుకి పడబోయారు. నేను లేవలేదు, లేవొద్దన్నారు కాబట్టి. కూర్చుని ఉండడానికే నా బలమంతా సరిపోయింది. ఇవాళ ఎనిమిది కాళ్ళకి బెజ్జాలు కొట్టారు. ఎనిమిదీ సరైన పక్కనే.

ఏప్రిల్ 9

మామయ్య భోజనానికి వెళ్ళారు. మెషీన్ వెయ్యకముందు కళ్ళు మూసుకుని ఆయన దారిలో నడిచాను. తొమ్మిదో అడుగులో వార్నిష్ డబ్బా కాలికి తగిలి పడింది.

పొద్దున ఎనిమిదింటికి అక్కడ పెట్టింది నేనే. అప్పటి నుంచీ ఎన్నిసార్లు చుట్టి వెళ్ళారో. డబ్బా తీసి గోడ వారకి పెట్టాను.