కుందేలు బొమ్మ డబ్బా

అమ్మా,

ఇక్కడ నాన్న, నానమ్మ, నేను బాగానే ఉన్నాం. నువ్వూ ఆ ఉద్యోగం ఊళ్ళో బాగున్నావనుకుంటా. ఈ ‘బాగానే’ని మాత్రం పూర్తిగా నమ్మకు, కింద చెప్తాను. ఫోన్లో అయితే నాన్న స్పీకర్ పెడతాడు, అందుకే ఉత్తరం. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, తప్పులుంటే నవ్వకు.

వదిన ఇంట్లో కలిసిపోయిందా అని అడిగావు. మరీ కలిసిపోయింది. అత్త తన కూతుర్ని కాలేజీ కోసం మనింటికి పంపిందన్న మాటే కానీ, చుట్టపుచూపుగా వచ్చింది నేనేమో అనిపిస్తోంది. నాన్న తనని ‘బంగారం’ అంటున్నాడు. అది నా పేరు కదా.

నేను ఉయ్యాల్లో ఏడిస్తే నీకు వంటింట్లో వినపడాలని కొన్న బేబీ మానిటర్ గుర్తుందా, కుందేలు బొమ్మది? అటక మీంచి దాన్ని దింపింది వదినే. ఒక డబ్బా నానమ్మ మంచం పక్కన, రెండోది వంటింట్లో. నానమ్మ మూలిగితే చాలు, వదిన పరుగు. “ఇన్నేళ్ళు పైనే పడుంది, నీకెప్పుడైనా తట్టిందా?” అన్నాడు నాన్న నాతో. నా ఏడుపు కోసం కొన్న డబ్బా, మెప్పు మాత్రం తనకి. ఒళ్ళు మండిపోయింది.

నానమ్మ మోకాలు ఎలా ఉందన్నావు. మోకాలు నయమే. శనివారం పిలిచి పిలిచి, ఎవరూ రాక తనే మంచం దిగబోయి పడింది. మణికట్టు విరిగింది. నీకు చెప్పొద్దన్నారు.

వంటింట్లో డబ్బా ఆపేసింది నేనే అమ్మా. ఒక్కసారి వదిన పలక్కపోతే నాన్న ఏమంటాడో చూద్దామని. చూశాను. “చెవులు ఎక్కడ పెట్టుకున్నావ్?” అని అరిచాడు. “నేనే చూసుకోలేదు మామయ్యా” అంది వదిన. ఆదివారం హాస్టల్‌కి వెళ్ళిపోతానంటోంది. నేను కోరుకున్నదే. కానీ ముద్ద దిగడం లేదు.

నిన్న మధ్యాహ్నం నానమ్మ నిద్రపోతుంటే పక్కన కూర్చుని, “నేనే ఆపాను నానమ్మా” అని ఏడ్చేశాను. డబ్బా మళ్ళీ ఆన్‌లో ఉందని మర్చిపోయాను. వదిన తడిచేతులతోనే వచ్చేసింది. పక్కన కూర్చుని, “నేను చెప్పను. నువ్వే చెప్పు” అంది, అంతే. నేను ఏడిస్తే నువ్వు రావాల్సిన చోటికి తను వచ్చింది. దానికీ నాకు కుళ్ళుగానే ఉంది.

నాన్నంటే భయంగా ఉంది. ఎదురుగా నిలబడితే నోరు పెగలదు. అందుకే ఇది పోస్ట్ చేసి రాగానే వంటింటి డబ్బా తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెడతాను. నేను నానమ్మ గదిలోంచి చెప్తాను.

ఇట్లు,
నీ పాత బంగారం