యాదగిరి సార్ మిషన్‌కు దారి

3 ఆగస్టు 2009, సోమవారం
కండ్లకోయ కాలేజీలో కొత్త ల్యాబ్ నా చేతికొచ్చింది. అన్ని కంప్యూటర్లకూ కొత్త తరం ఇంటర్నెట్ అడ్రసులే. పాత రకం అడ్రసులు అయిపోవస్తున్నాయి, పిల్లలు ఇప్పుడే నేర్చుకోవాలని ప్రిన్సిపాల్ పట్టు. ఒకటే చిక్కు — లైబ్రరీ కంప్యూటర్‌కు పాత అడ్రసు తప్ప తెలియదు. ల్యాబ్ నుంచి పుస్తకాల జాబితా కనబడదు.

4, మంగళ
లైబ్రరీ కంప్యూటర్‌ను కొత్త అడ్రసుకు మారుద్దామని వెళ్తే, లైబ్రేరియన్ యాదగిరి సార్ ఆ మిషన్‌కు అడ్డంగా నిలబడ్డారు. "ముట్టకు బిడ్డా! ఎనిమిదేండ్ల సంది ఒక్కో పుస్తకం నా చేతులతోటి ఎక్కించిన. కొత్త సిస్టమ్ల గీ సాఫ్ట్‌వేర్ నడుస్తదని రాసిస్తవా?"
రాసివ్వలేను. ప్రిన్సిపాల్ మాత్రం... శుక్రవారంలోగా తేలకపోతే సార్ మిషన్‌నే తీసేయిస్తారట.

5, బుధ
దొరికింది! ల్యాబ్‌కూ లైబ్రరీకీ మధ్య ఒక పాత పెంటియం కంప్యూటర్ పెడతాను. ల్యాబ్ నుంచి వచ్చే కొత్త అడ్రసును పాతదిగా మార్చి లైబ్రరీకి అందిస్తుంది, జవాబును మళ్ళీ కొత్తదిగా మార్చి తెస్తుంది. సార్ మిషన్ జోలికే పోనక్కర్లేదు. పెంటియం మూత తీస్తే లోపల బల్లి గుడ్లు!

6, గురు
ల్యాబ్‌లో పుస్తకాల జాబితా మొదటి పేజీ తెరుచుకుంది! గంతేశాను. కానీ ఏ పుస్తకం మీద నొక్కినా తెల్ల తెర... కాలేజీ బస్సు పోయింది. మేడ్చల్‌కు షేర్ ఆటోలో ఇరుక్కుని వస్తుంటే వెలిగింది — సార్ లింకుల్లో మిషన్ పేరు రాయలేదు, పాత అడ్రసు అంకెలే రాశారు. పేరుంటేనే పెంటియం గుండా పోయేది. అంకెలను చూసి ల్యాబ్ కంప్యూటర్లు నేరుగా వెళ్ళబోయి ఆగిపోతున్నాయి.

7, శుక్ర
భయపడుతూనే సార్‌కు చెప్పాను. "అంటె నేనే తప్పు రాసిన్నా?" ముఖం చిన్నబోయింది.
"తప్పు గాదు సార్. అప్పట్ల అందరు అట్లనే రాసిండ్రు."
కీబోర్డు నాకివ్వలేదు. రెండు వేళ్ళతో తనే, లింకు తర్వాత లింకు, అంకెలు తీసి పేరు పెట్టారు. మధ్యాహ్నం ఆయన డబ్బాలోని చింతకాయ తొక్కు ఇద్దరం పంచుకున్నాం. మూడింటికి ప్రిన్సిపాల్ వచ్చారు. ల్యాబ్‌లో ఒకమ్మాయి పుస్తకం పేరు కొట్టింది — రచయిత, అల్మారా నంబరు, అన్నీ వచ్చాయి!
"అరే, నా మూడో అల్మారనే గదా!" సార్ తెర మీదికి వంగిపోయారు.
ప్రిన్సిపాల్ నవ్వారు. మిషన్ ఉంటుందట.

10, సోమ
పొద్దున్నే ల్యాబ్ గుమ్మంలో యాదగిరి సార్. "కవితమ్మా, గా నడిమిట్ల పెంటియం డబ్బ ఎన్నేండ్లు మోస్తది? నాదాన్నే కొత్త అడ్రసుకు మారిస్తె?"
"సాఫ్ట్‌వేర్ నడవకపోతే సార్?"
"ముందుగాల కాపీ తీసి, దాని మీద సూద్దాం పా."
కాపీ తీశాం. వేరే కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాం. సగం దాకా వచ్చి ఆగింది... సార్ కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.