మే నెల పేజీలో కొట్టేసిన పేరు

తమ్ముడూ వోబె,

నాలుగేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.

జనం ఎవరెవరితో కలిసిమెలిసి ఉంటున్నారో తెలుసుకునే ప్రభుత్వ సర్వేకి మొన్న ఒకమ్మాయి వచ్చింది. మా ఆయన హిద్దె ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

"ఇంట్లో ముందుగా ఎవరి పుట్టినరోజు వస్తుందో వాళ్ళే జవాబులు చెప్పాలండీ" అందా అమ్మాయి.

అంటే మా అత్తగారు.

"గడప దాటని మనిషి, అమ్మకేం స్నేహితులుంటారు?" అన్నాడు హిద్దె.

"నువ్వెళ్ళి కాఫీ పెట్టు, పో" అంది ఆవిడ.

ఏడాదిలో ఎంతమందితో మాట్లాడతారని అడిగితే, టాయిలెట్ గోడకు ఏళ్ళుగా వేలాడుతున్న, అయినవాళ్ళందరి పేర్లూ రాసిపెట్టిన పుట్టినరోజుల క్యాలెండర్ తెమ్మని నన్ను పంపింది. ఒక్కో పేజీ తిప్పుతూ యాభై ఎనిమిది మందిని లెక్కపెట్టింది. పుట్టినరోజు నాడు ప్రతి ఒక్కరికీ ఫోన్ చేస్తుందట! ఎనభై నాలుగేళ్ళ మనిషి! ఆ గోడను రోజూ చూసే మాకు ఈ సంగతే తెలియదు.

ఆఖర్న వెనక్కి తిప్పి మే నెల దగ్గర ఆగింది. నాన్న పడవ నాతో చెప్పకుండా అమ్మేశావని నేను కసిగా కొట్టేసిన నీ పేరు అక్కడే ఉంది.

"కొట్టేశారు కదా, ఇదీ లెక్కేనా అండీ?"

"ఎందుక్కాదు? ఫోన్ ఎత్తగానే 'మా అక్క ఎలా ఉంది' అనే అడుగుతాడు. రాసుకో, యాభై తొమ్మిది."

నేను కాఫీ వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆవిడ పుట్టినరోజు తొమ్మిదో తారీఖు. ఎప్పట్లాగే వచ్చేవాళ్ళందరికీ హాల్లో గుండ్రంగా కుర్చీలు వేస్తాం. నీకు రాయమని ఆవిడ నాతో ఒక్క మాటా అనలేదు. కుర్చీ మాత్రం ఒకటి ఎక్కువ వేయమంది.

మీ అక్క