పేర్లకు ఖాళీ వదిలిన కాగితం

అలియాబాద్,
జూన్ 3

ప్రియమైన మామయ్యకు,
షైని వందనాలు. ఫోను ఠాణాలో ఉంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పెళ్లికి ఒప్పుకోలేదని అన్వేష్ నన్ను కొట్టిన వీడియో అందులోనే ఉందని, సాక్ష్యంగా తీసుకుపోయారు. విరిగిన ఎడమ చేతికి ఇంకా కట్టు ఉంది, బట్టలు కుట్టలేకపోతున్నాను. మూడు నెలలైనా కేసు కోర్టుకే పోలేదు. అడిగితే ఠాణాలో ఒకాయన, "నీ ఒక్కదాని కేసే ఉన్నదా మాకు?" అన్నాడు. ఎందుకిలా మామయ్యా?
నీ షైని

మేడ్చల్,
జూన్ 9

బిడ్డా షైనీ,
ఇరవై ఏళ్లుగా ఠాణా ఎదురుగా కూర్చుని అర్జీలు రాస్తున్నాను. కేసు కోర్టు మెట్లెక్కక ముందే ఎలా చస్తుందో రోజూ చూస్తున్నాను. మొదట డాక్టరు రిపోర్టు రాదు. తర్వాత సాక్షి ఊళ్లో ఉండడు. ఆపైన పెద్దమనుషులొచ్చి చాయ్ తాగి, ఆడపిల్ల భవిష్యత్తు గురించి తెగ బాధపడతారు. ఆ మొహాలు చూస్తేనే అసహ్యం. నువ్వు మాత్రం తగ్గకు. నేనున్నాను.
జక్కయ్య మామ

అలియాబాద్,
జూన్ 24

మామయ్యకు,
ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను రాజీపడ్డానట, శనివారం లోక్ అదాలత్‌లో కేసు కొట్టేస్తారట. మొన్న ఆదివారం చర్చిలో, మన సంఘపెద్ద అయిన అన్వేష్ వాళ్ల నాయిన విక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. "మనసుల పగ వెట్టుకొని ప్రభువు బల్ల ముట్టొద్దు బిడ్డా. మాఫ్ జేసిన అని సంతకం వెట్టు, గంతే. గిది సంఘంలనే ఉంటది" అన్నాడు. అమ్మ అందరి ముందు తలదించుకుని నిలబడింది. పెట్టేశాను.
చదవకుండా ఎందుకు పెట్టావని ఇప్పుడు అందరూ తిడుతున్నారు. ఆ కాగితం నిండా నీ దస్తూరీ ఉంది మామయ్యా. నువ్వు అన్నీ చూసే రాసి ఉంటావనుకున్నాను.
షైని

మేడ్చల్,
జూన్ 26

బిడ్డా,
ముందెప్పుడూ చూడని ఒకతను వచ్చి, ఊళ్లో ఇద్దరు కలిసిపోతున్నారు, రాజీ కాగితం కావాలన్నాడు. ఎవరని అడగలేదు. మేం అడగం. పేర్లకూ కేసు నంబరుకూ ఖాళీ వదిలి, ఎవరి బలవంతమూ లేదని రాసిస్తాం. అలాంటివి ఎన్ని రాశానో లెక్కే లేదు. ఎవరి చెయ్యి విరిగిందో ఒక్కసారీ ఆలోచించలేదు. పెద్దమనుషులను చూసి అసహ్యపడ్డాను. నా మీద నాకే రోత పుడుతోంది.
రాజీ ఇంకా జడ్జి ముందు ఖాయం కాలేదు. నువ్వు ఒప్పుకోలేదని చెప్పు. ఆ కాగితం రాసింది నేనేనని, రాసినప్పుడు అందులో నీ పేరు లేదని నేను చెబుతాను. ఆ తర్వాత నన్ను ఠాణా ముందు కూర్చోనివ్వరు. కూర్చోనివ్వకపోతే పీడా పోయె.
శనివారం పొద్దున్నే అలియాబాద్ బస్సు స్టేజీ దగ్గర ఉంటాను. నాతో మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడకు. వెనక సీట్లో కూర్చుని వస్తాను.
జక్కయ్య